ఆదాయంలో కారు వంతు

మా ఊళ్ళో కారు కొనాలనుకున్నవాళ్ళు ముందు నా దగ్గరికి వచ్చేవారు. నాకు కారు ఉండటం వల్ల కాదు, లేకపోవడం వల్ల. కారున్నవాణ్ణి అడిగితే, తను చేసిన పని మంచిదేనని చెప్పుకోవడానికైనా కొనమంటాడు. లేనివాడికి ఆ బాధ లేదు.

నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. అన్నదమ్ముల పంపకాల్లో సెంట్లు విడదీయడం, నోటు మీద వడ్డీ కట్టడం, చీటీ ఎన్నో నెలలో పాడుకుంటే నష్టం తక్కువో చెప్పడం, ఇవన్నీ చేసేసరికి కొత్తపేట చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళవాళ్ళు నన్ను మాస్టారూ అని పిలవడం మొదలెట్టారు. నేను ఏ బడిలోనూ ఒక్క పూట పాఠం చెప్పి ఎరగను. ఆరెకరాల వరి, మూడెకరాల కొబ్బరి, ఒక పాత స్కూటరు, అంతే నా ఆస్తి.

కారు విషయంలో నేనొక సూత్రం కట్టాను. కారు ధర మనిషి ఏడాది ఆదాయంలో సగం దాటకూడదు. కొన్నాక దాని మేత, అంటే పెట్రోలు, మరమ్మతు, డ్రైవరు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి, ఆదాయంలో పదో వంతు దాటకూడదు. ఇది ఏ పుస్తకంలోదీ కాదు. ట్రాక్టర్లు కొన్నవాళ్ళనీ గేదెల్ని కొన్నవాళ్ళనీ చూసి కట్టింది. ట్రాక్టరు సంపాదిస్తుంది, గేదె పాలిస్తుంది. కారు నడిచినా తింటుంది, నిలబడి ఉన్నా తింటుంది. కాబట్టి దానికి గేదె కంటే ఒక మెట్టు తక్కువ మర్యాద ఇవ్వాలని నా ఉద్దేశం.

అయితే ఉద్యోగస్తుడికి ఆదాయమంటే ఒక అంకె. ఒకటో తారీఖున వస్తుంది. రైతుకు ఆదాయమంటే వాతావరణం. సార్వా పంట ఒకటి, దాళ్వా పంట ఒకటి, రెండు నెలలకోసారి కొబ్బరి దింపు. దింపు డబ్బు చేతిలో పడ్డ రోజునే అడ్వాన్సు కట్టేసి, మళ్ళీ దింపు దాకా అప్పులవాళ్ళకు కనిపించకుండా సందుల్లోంచి తిరిగినవాళ్ళని నేను చూశాను. అందుకని అయిదేళ్ళ సగటు తీయమనేవాణ్ణి.

"తొంభై ఆరు తుఫాను ఏడాదిని కూడా కలపాలాండీ?" అని అడిగేవారు.

"అదే ముందు కలపండి" అనేవాణ్ణి.

అది కలిపేసరికి చాలామంది లెక్కలో కారుకు మూడు చక్రాలే వచ్చేవి. ఆయ్, నిజమేనండీ అని లేచి వెళ్ళిపోయేవారు. వెళ్ళినవాళ్ళలో మానుకున్నవాళ్ళు తక్కువ. ఒక రైసుమిల్లు యజమాని అరగంట కూర్చుని పైసాతో సహా లెక్క వేయించుకున్నాడు. సగం దాటుతోందండీ అని నేను చెప్పాను. ఎంతో శ్రద్ధగా విని, చేతులు జోడించి, వీధిలోకి వెళ్ళి, అక్కడ ఆపి ఉన్న కొత్త కారు తలుపు తీశాడు.

"నిన్ననే తాళాలిచ్చేరండీ" అన్నాడు, నా ముఖం చూసి. "మిమ్మల్ని ఓ మాట అడక్కుండా తిరిగితే బాగుండదు కదండీ."

నా సూత్రానికి మా వైపు అటువంటి గౌరవం ఉండేది.

అది మా ఇంట్లోనే అవసరపడుతుందని నేననుకోలేదు. మా ఆవిడకు నలభై దాటాక నడుం పట్టేసింది. అమలాపురంలో డాక్టరు ఫోటో తీయించి, వెన్నులో డిస్కు జారిందన్నాడు. మందులు రాశాడు. చివర్న తలెత్తి, "స్కూటరు ఎక్కకండి. బస్సు అసలొద్దు. కారులో అయితే ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అన్నాడు. పాలు వద్దు, మజ్జిగ అయితే పరవాలేదు అన్నంత తేలిగ్గా అన్నాడు.

మా ఆవిడ తిరిగే మనిషి. చుట్టూ ఏ ఊళ్ళో గృహప్రవేశమైనా, సీమంతమైనా, పేరంటమైనా ఆవిడ ఉండవలసిందే. పిలిచిన ఇంటికి వెళ్ళేది, పిలవడం మరిచిపోయిన ఇంటికి వాళ్ళు నొచ్చుకుంటారని వెళ్ళేది. నా స్కూటరు వెనక పక్కకు కూర్చుని, ఒళ్ళో పళ్ళెమో పళ్ళ సంచో పెట్టుకుని, దారి పొడుగునా ఎవరిల్లు ఏమిటో నాకు చెబుతూ వచ్చేది. తిరిగొచ్చాక ఆ ముచ్చట్లు రెండు రోజులు నడిచేవి. నేను వింటున్నాననుకునేది. నేను మనసులో వేరే కూడికలు వేసుకుంటూ ఉండేవాణ్ణి.

డాక్టరు ఆ మాట అన్న తరవాత ఆవిడ వీధి అరుగు మీదికి చేరింది. దారిన పోయేవాళ్ళను ఆపి అడిగేది. "పెళ్ళిలో ఏం కూరలు పెట్టేరు?" "కోడలు ఎవరి పోలిక?" పనిమీద పోయేవాళ్ళు ఒక ముక్క చెప్పి పోయేవారు. ఏడాది గడిచేసరికి తనంతట తాను ఎవర్నీ పిలవడం మానేసింది. పలకరిస్తే పలికేది. ఆ తరవాత అరుగు మీదికి రావడమే తగ్గించింది. భోజనాల దగ్గర ఇద్దరికీ మాటలుండేవి కావు. ఇది నాకు కనిపించింది. ఏదైనా కనిపిస్తే నేను చేసే పని ఒకటే, లెక్క వేయడం.

వేశాను. ఆ ఏడాదిలో ఆవిడ నాలుగుసార్లు బయటికి వెళ్ళింది. రెండు పెళ్ళిళ్ళు, రెండుసార్లు డాక్టరు. నాలుగుసార్లూ ట్యాక్సీ. నాలుగు ట్యాక్సీల కిరాయి ఒక పక్క, కారు కొని మేపే ఖర్చు ఒక పక్క పెట్టి చూస్తే, కారు తలపెట్టేవాడు మతి ఉన్నవాడు కాదని తేలిపోయింది. సంతోషంగా వంటింట్లోకి వెళ్ళి చెప్పాను.

"మనకు కారు అక్కర్లేదు. ట్యాక్సీయే చవక. నువ్వు వెళ్ళేది ఏడాదికి నాలుగుసార్లే కదా."

ఆవిడ పోపు వేస్తోంది. వెనక్కి తిరగలేదు.

"పథ్యంలో ఉన్నవాడి విస్తరి చూసి, వీడికి ఆకలి తక్కువ అన్నట్టుందండీ మీ లెక్క" అంది.

నేను ఇవతలికి వచ్చి కూర్చున్నాను. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఆ పూటంతా ప్రయత్నించాను. దొరకలేదు. ట్యాక్సీ పిలవాలంటే ఒక పని ఉండాలి. చావో పెళ్ళో రోగమో ఉండాలి. చెల్లెలు రాజోలులో ఉంది, ఊరికే వెళ్ళి ఓ గంట కూర్చుని కబుర్లు చెప్పుకుని వస్తాను అని ట్యాక్సీ పిలిచే మనిషి మా వైపు పుట్టలేదు. వెళ్ళని ప్రయాణాలకు నా లెక్కలో గడి లేదు.

సరే, కొందాం, కానీ సూత్రం ప్రకారం కొందాం అనుకున్నాను. నా అయిదేళ్ళ సగటు ఏడాదికి లక్షా పది వేలు. సగం యాభై అయిదు. ఆ డబ్బుకు కొత్త కారు రాదు. పాతది రాజమండ్రిలో బేరం కనుక్కుంటే, అందరూ కొనే ఆ చిన్న తెల్ల కారు, ఆరేళ్ళది, అరవై చెప్పారు. యాభై అయిదుకు దిగుతుందని నాకు ధైర్యం ఉంది.

అప్పుడే మా బావగారు అడ్డొచ్చారు. బావగారంటే మా ఆవిడ అన్నగారు. ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులు ఆయనవి. తొంభైల మొదట్లో రొయ్య బంగారంలా అమ్ముడుపోయినప్పుడు ఒక పంట డబ్బుతో కారు కొన్నారు. ఆదాయంలో ఎన్నో వంతు అని నేనడిగితే, "వంతేమిటి బావగారూ, పంట మొత్తం!" అని నవ్వారు. మరుసటి పంటకు రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. చెరువుల్లో నీళ్ళు మిగిలాయి, షెడ్డులో కారు మిగిలింది. దాని మీద టార్పాలిను కప్పారు. నాలుగేళ్ళయింది.

"మన కారుండగా బయట కొంటారా బావగారూ? నలుగురూ వింటే ఏమనుకుంటారండీ?" అని కబురంపారు.

నేనూ మా ఆవిడా ట్యాక్సీలో వెళ్ళాం. టార్పాలిను తీస్తే కారు బాగానే ఉంది. వెనక సీటులో ఒక కోడిపెట్ట పొదుగుతోంది. మమ్మల్ని చూసి అది కూడా కదల్లేదు. బాటరీ మార్చి, టైర్లు రెండు వేస్తే చాలని మెకానిక్కు చెప్పాడు. లోపలికి వచ్చి కూర్చున్నాం. కాఫీలు వచ్చాయి.

తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒకటి చెప్పాలి. మా గోదావరి లంకల్లో చుట్టాల మధ్య బేరం తలకిందులుగా నడుస్తుంది. అమ్మేవాడు తగ్గిస్తాడు, కొనేవాడు పెంచుతాడు. తక్కువ చెప్పడం అమ్మేవాడి మర్యాద, ఆ తక్కువను ఒప్పుకోకపోవడం కొనేవాడి మర్యాద. ఇద్దరిలో మర్యాద తక్కువైనవాడు ముందు ఆగుతాడు. ఇంకో పది మంది బేరాల్లో మధ్యవర్తిగా కూర్చుని నేను ఈ జబ్బును నయం చేసినవాణ్ణి.

"నలభై ఇవ్వండి బావగారూ" అన్నారాయన. "మీ దగ్గర లాభం చూసుకుంటానా?"

నలభై! నా సగం కంటే పదిహేను వేలు తక్కువ. అవునండీ, చాలా సంతోషం అని లేచి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆయన చెరువుల మీద చితికిపోయిన మనిషి. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అబ్బే, అదేం మాటండీ. యాభై తీసుకోండి."

"నన్ను పరాయివాణ్ణి చేస్తున్నారు. నలభయ్యే."

"మీకు నష్టం చేసి నేను కారెక్కనా? యాభై అయిదు."

యాభై అయిదు దగ్గర ఆగాలని నాకు తెలుసు. ఆగాను కూడా. అప్పుడు వాళ్ళావిడ గుమ్మం దగ్గర నుంచుని, "అసలు డబ్బు మాటెందుకండీ అన్నయ్యగారూ, ఊరికే తీసుకెళ్ళండి. మొన్న ముమ్మిడివరం నుంచి ఎవరో వచ్చి అరవై అయిదు అన్నారు. ఈయనే, మా చెల్లికి తప్ప ఇవ్వనన్నారు" అంది.

ఆవిడ ఎంతో మంచి మనిషి. నన్ను ఇరికించాలని ఆ మాట అనలేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ అరవై అయిదు అన్న అంకె ఆ గదిలోకి వచ్చి కూర్చుంది. పరాయివాడు అరవై అయిదు ఇస్తానన్నదాన్ని ఇంటి అల్లుడు యాభై అయిదుకు తోలుకుపోతే రేపు ఏ పెళ్ళిలో తలెత్తుకుంటాడు? అరవై అయిదే ఇస్తే, పరాయివాడికీ నాకూ తేడా ఏమిటి?

"డెబ్భై" అన్నాను.

బావగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మీరు బాధపడతారని ఒప్పుకుంటున్నానండీ" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

తిరుగు దారిలో మురమళ్ళ దాటాక మా ఆవిడ నా వైపు తిరిగింది.

"నలభై అన్నాడు కదండీ" అంది.

"నలభై అంటే తీసుకుంటామా?"

"తీసుకోం. యాభై దగ్గర ఆగొచ్చు. మా అన్నయ్య ఇంకో రెండుసార్లు వద్దనేవాడు, మీరు ఇంకో రెండుసార్లు అంతేనండీ అనేవారు. అయిపోయేది. నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను వాణ్ణి."

"మరి నువ్వు అప్పుడే అనాల్సింది."

"మగవాళ్ళ బేరంలో నేను తలదూర్చితే మీ మాస్టరు గిరీ ఏమవుతుందండీ?"

ఇంటికి వచ్చి సూత్రం ముందు కూర్చున్నాను. డెబ్భై అంటే సగం కాదు, సగం దాటి చాలా దూరం. నేను ఎంతమందికి వద్దని చెప్పానో గుర్తొచ్చింది. అప్పుడు తుఫాను ఏడాది మీద నా చూపు పడింది. పడిన చెట్లు తీయించడానికి, మళ్ళీ నాటడానికి ఆ ఏడు ఆదాయం లేకపోగా నా చేతి నుంచే పది వేలు పడింది. మిగిలిన నాలుగేళ్ళూ ఏడాదికి లక్షా నలభై. ఆలోచిస్తే, అటువంటి తుఫాను ఎప్పుడో తరానికి ఒకటి వస్తుంది. దాన్ని పట్టుకుని మామూలు ఏళ్ళను అవమానించడం న్యాయమా? తీసేశాను. సగటు లక్షా నలభై వచ్చింది. సగం సరిగ్గా డెబ్భై. అంత చక్కగా కుదిరిన లెక్క నా జీవితంలో ఇంకోటి లేదు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

కారు వచ్చింది. డ్రైవరుగా ఊళ్ళో ట్రాక్టరు తోలే మనిషిని పెట్టుకున్నాను. పొలం పనులు లేని రోజు పిలిస్తే వస్తాడు, ఆ రోజుకు కూలి. రాగానే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు సీటులో మా ఆవిడ నడుం వెనక దిండు పెట్టి ఊళ్ళో ఒక చుట్టు తిప్పాం. పక్కవారమే రాజోలు, చెల్లెలింటికి అనుకున్నాం.

పక్కవారం వీధి చివరి రైతు వచ్చాడు. వాళ్ళ నాన్నగారిని కాకినాడ తీసుకెళ్ళాలి, కంటి ఆపరేషను.

"కారు గానీ ఖాళీగా ఉంటే..." అన్నాడు.

"ఆయ్, దానిదేముందండీ, తీసుకెళ్ళండి" అన్నాను.

"పెట్రోలు మేం పోయించుకుంటాం అండీ."

"భలేవారే. అంత పరాయివాళ్ళమా?"

ఆ తరవాత ఒకరి పిల్లకు పరీక్ష, ఒకరి అల్లుడికి స్టేషను, ఒకరికి అప్పనపల్లి మొక్కు. అందరూ కారు గానీ ఖాళీగా ఉంటే అనే మొదలెట్టేవారు. కారు ఖాళీగానే ఉండేది. ఎందుకంటే మా ఆవిడకు ఏ పనీ ఉండేది కాదు. రాజోలులో చెల్లెలితో కబుర్లు చెప్పుకోవడం ఆపరేషను ముందు పనిలా కనిపించదు. ప్రతిసారీ ఆవిడ ప్రయాణమే వెనక్కి జరిగేది. తీసుకెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో కారు తిరిగివ్వరు. అరటి గెల, పనసకాయ, ఆత్రేయపురం పూతరేకులు తెచ్చేవారు. కొబ్బరి రైతునైన నాకు ఒకాయన రెండు గెలల బొండాలు తెచ్చిచ్చాడు. వీటన్నిటికీ బజారు ధర కట్టి కారు ఖర్చులోంచి తీసేయడానికి చూశాను. పనసకాయ దగ్గర లెక్క చెడింది. సగం పంచిపెట్టాం, పంచిపెట్టిన సగానికి ధర వేయాలో వద్దో తేలలేదు.

ఇంకో విడ్డూరం. వెనక ఏడాది ఆవిడ నాలుగుసార్లయినా బయటికి వెళ్ళింది. కారొచ్చిన ఆరు నెలల్లో ఊరు దాటలేదు. ఒకసారి చెల్లెలికి జ్వరమని తెలిసినప్పుడు కారు భీమవరంలో ఎవరి నిశ్చితార్థానికో వెళ్ళి ఉంది. ట్యాక్సీ పిలుస్తానన్నాను.

"సొంత కారు పెట్టుకుని ట్యాక్సీలో దిగితే, మీకు గతిలేదనుకుంటారు. వద్దులెండి" అంది. లోపలికి వెళ్ళి పడుకుంది.

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు, సిగ్గేసింది. కారు ఇవ్వనని చెప్పడం నేర్చుకుందామని అద్దం ముందు కూడా అనుకుని చూశాను. "వద్దండీ, మాకు పనుంది." అద్దంలో ఉన్నాయన నాకే నచ్చలేదు.

మాఘమాసం వచ్చింది. మా వెనకింటివాళ్ళ అబ్బాయికి ఎన్ని సంబంధాలు చూసినా కుదరడం లేదు. మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తే కుదురుతుందని అందరూ చేసే పనే. వెనకింటాయన వచ్చి, కారు గానీ ఖాళీగా ఉంటే అన్నాడు. నేను ఆయ్ అనేలోపు లోపల్నుంచి మా ఆవిడ వచ్చింది. పట్టుచీర, తలలో పువ్వులు, చంకలో దిండు.

"పదండి, నేనూ వస్తున్నాను. కల్యాణానికి ఓ ముత్తయిదువ తోడుంటే మంచిదే కదా" అంది.

కారులో అయిదుగురు పడతారు. వాళ్ళింట్లో వెళ్ళవలసినవాళ్ళు నలుగురు, డ్రైవరు అయిదు. వెనకింటాయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ముత్తయిదువను వద్దనడానికి ఆయనకు నోరు ఎలా వస్తుంది? ఆయనా గోదావరి మనిషే. వాళ్ళ బావమరిది బస్సులో వెళ్ళాడు.

ఆ రోజు ఆవిడ తిరిగి వచ్చి, నడుం కిందికి వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుని, కల్యాణం ముచ్చట్లు చెబుతూనే ఉంది. ఈసారి నేను వేరే కూడికలు వేయలేదు.

అక్కణ్ణుంచి అదే పద్ధతి. ఎవరు కారడిగినా కారుతో పాటు మా ఆవిడ వెళ్ళేది. కాకినాడ ఆసుపత్రి, రావులపాలెం పెళ్ళి, అంతర్వేది, ఎవరి మనవడి అన్నప్రాశనో. తిరిగొచ్చే దారిలో "ఒక్క అయిదు నిమిషాలు" అని రాజోలులో చెల్లెలింటి దగ్గర ఆపించేది. ఆ అయిదు నిమిషాలు ఎంతో నాకు పెట్రోలు లెక్కలో తెలిసేది కాదు, డ్రైవరు ముఖంలో తెలిసేది. అడిగేవాళ్ళు తగ్గుతారనుకున్నాను. కొందరు తగ్గారు. కొందరు ఆవిడ కోసమే వచ్చేవారు. "అక్కయ్యగారు తోడొస్తే డాక్టరుతో మాట్లాడతారండీ" అనేవారు. కారు నాది, పెట్రోలు నాది, నేను మాత్రం తోటకు పాత స్కూటరు మీద పోయేవాణ్ణి.

రెండో ఏడు నిండేసరికి లెక్క చూశాను. కారు మేత ఇరవై ఎనిమిది వేలు. పదో వంతు కాదు, అయిదో వంతు. తుఫాను ఏడాదిని తీసేసిన సగటు మీదే అయిదో వంతు. ఇంకే ఏడాదిని తీసేసినా పదో వంతుకు దిగే దారి లేదు. ఈలోగా కొబ్బరి ధర పడిపోయింది. పైగా ఊళ్ళో ఒక కుర్రాడు నా ముఖం మీదే, "మాస్టారూ, మీ సూత్రం మీ కారుకు వర్తించదాండీ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

"అమ్మేద్దాం. రావులపాలెంలో అరటికాయల వ్యాపారి ఒకాయన అరవై ఇస్తాడట. గురువారం చూడ్డానికి వస్తాడు. తరవాత నీకెప్పుడు కావాలంటే అప్పుడు ట్యాక్సీ పిలుద్దాం. పని ఉన్నా లేకపోయినా సరే."

నేను నిజంగానే అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. పని లేకుండా ఆవిడ ట్యాక్సీ ఎక్కదని ఇద్దరికీ తెలుసు.

"ఆయ్, అలాగేనండీ" అంది. ఒక్క మాట ఎక్కువ అనలేదు. దెబ్బలాడి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

గురువారం పొద్దున్నే నేను తోటకు వెళ్ళాను. దింపు ఉంది. వచ్చేసరికి కారు పెట్టే షెడ్డు ఖాళీగా ఉంది. పొయ్యి గట్టు మీద అన్నం, వంకాయ కూర, చారు మూతలు పెట్టి ఉన్నాయి. చూస్తే ఇద్దరికి సరిపడా ఉంది. నేను ఒక్కణ్ణే కదా తినేది అనుకున్నాను.

అంతలో వ్యాపారి బస్సు దిగి వచ్చాడు. లావుపాటి మనిషి, చేతిలో గొడుగు, చంకలో సంచి. అరుగు మీద కూర్చోబెట్టి బొండాం కొట్టించి ఇచ్చాను.

"కారు ఏదండీ?" అన్నాడు.

"మా ఆవిడ బయటికి వెళ్ళిందండీ" అన్నాను.

అన్నాక ఆ మాట నాకే కొత్తగా వినిపించింది.

"ఎప్పుడొస్తారండీ?"

"చెప్పలేమండీ. దారిలో ఎవరైనా కనబడితే ఆగుతుంది."

"ఎటు వెళ్ళేరో?"

"అదీ తెలీదండీ" అన్నాను. ఎందుకో ఆ జవాబు కొంచెం గర్వంగానే వచ్చింది.

పన్నెండయింది. ఆయనకు అన్నం పెట్టాను. వంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నాడు. తిన్నాక అరుగు మీద ఒరిగి, ధర మాట కదిపాడు. అరవై అంటే ఎక్కువండీ, యాభై అయిదు అయితే ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు. సంచి మీద చెయ్యి వేశాడు. పరాయివాడు కాబట్టి బేరం సరైన దిక్కుకే నడుస్తోంది. నేను నోరు తెరిచాను గానీ, నా చెవులు రోడ్డు మీద ఉన్నాయి. కాలవగట్టు మీద ఏ బండి చప్పుడైనా మాదేమో అని లేచి చూస్తున్నాను. మొదట ఆయన కోసం చూశాను, కారు వస్తే చూపించవచ్చని. ఎండ తగ్గేసరికి, ఇప్పుడే రాకుండా ఉంటే బాగుండునని చూస్తున్నాను.

"మీ ఆవిడగారు ఇలాగే తిరుగుతారాండీ ఎప్పుడూ?" అన్నాడాయన, విసుగు దాచుకుంటూ.

"ఇలాగేనండీ."

"మరయితే ఇంకేం అమ్ముతారండీ?" అని నవ్వాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. నాలుగున్నర బస్సుకు గొడుగు తీసుకుని లేచాడు. ఆయనకు నాలుగు బొండాలు సంచిలో వేసి పంపాను.

దీపాలు పెట్టే వేళకు కారు వచ్చింది. డ్రైవరు తలుపు తీశాడు. మా ఆవిడ నడుం పట్టుకుని, మెల్లగా ఒక కాలు, తరవాత రెండో కాలు కింద పెట్టి దిగింది. అరుగు మీద ఆనుకుని కూర్చుంది. ముఖం అలిసిపోయి ఉంది, కళ్ళు మాత్రం తెగ మెరుస్తున్నాయి.

"ఆయనెవరో వస్తానన్నాడు కదా, వచ్చేడాండీ?"

"వచ్చేడు. భోంచేసి వెళ్ళేడు."

"కూర బాగుందన్నాడా?"

"రెండుసార్లు వేయించుకున్నాడు."

"మళ్ళీ ఎప్పుడొస్తానన్నాడు?"

"నువ్వు ఇంట్లో ఉన్న రోజు చెప్పమన్నాడు" అన్నాను. ఆయన అనలేదు. "రేపు ఉంటావా?"

ఆవిడ పమిట చెంగుతో మెడ తుడుచుకుంటూ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, వేళ్ళు మడిచి లెక్కపెట్టింది కూడా.

"రేపు కుదరదండీ. ఆ ముక్తేశ్వరం వాళ్ళ కోడలికి సీమంతం. ఎల్లుండి చెల్లెలు రమ్మంది. ఆదివారం అయితే చూడాలి. అన్నట్టు, ఇవాళ ఏం జరిగిందో తెలుసాండీ..."

నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.